నోట నురగ రాని పరుగు

మా శాఖలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొస్తుంటారు. "మీ సర్వీసులో బాగా ఇబ్బంది పెట్టిన కేసు ఏది సార్?" అని అడుగుతుంటారు. గాలికుంటు సంగతో, అడ్డం తిరిగిన దూడ సంగతో చెబుతానని వాళ్ల ఆశ. అవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి, చదువుకోండి నాయనా అంటా. నన్ను ఇబ్బంది పెట్టిన కేసుకి కాళ్లు రెండే. పశువుల డాక్టరుగా జీతం తీసుకుంటూ ఒక మనిషి గుండె మీద స్టెతస్కోపు పెట్టా. అడిగారు కాబట్టి చెబుతున్నా, వినండి.

డెబ్బైల చివర్లో నన్ను జగ్గయ్యపేట పశువుల ఆసుపత్రికి వేశారు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో బండలాగుడు పందేలంటే జనానికి ప్రాణం. తిరునాళ్లు వచ్చాయంటే ఎక్కడెక్కడి ఎడ్ల జతలూ దిగేవి. పందేనికి ముందూ తర్వాతా డాక్టరు వచ్చి ఎడ్లను చూడాలి. సూది మందు పొడిచి తెచ్చారా, సారా పట్టి తెచ్చారా అని తేల్చాలి. ఇది మా శాఖ పెట్టిన రూలేం కాదు, కమిటీల వాళ్లు పెట్టుకున్న ఆనవాయితీ. రానంటే మర్నాటి నుంచి ఊళ్లో మంచినీళ్లు కూడా పుట్టవు.

మా కాంపౌండరు నాకంటే పెద్దాయన, నోరు ఊరుకోదు. "మనం జబ్బులు చూడ్డానికొచ్చామా డాక్టరుగారూ, దొంగల్ని పట్టడానికొచ్చామా?" అంటూ ఎండలో గొడుగు పట్టుకుని నా వెనక నడిచేవాడు. నేను ఎద్దు కళ్లు చూసేవాణ్ణి, చిగుళ్లు చూసేవాణ్ణి, మెడ తడిమి సూది పొంగు ఉందేమో చూసేవాణ్ణి, ఎడమ ముందరి కాలి వెనక స్టెతస్కోపు పెట్టి గుండె వినేవాణ్ణి. నిజం చెప్పాలంటే వీటితో తేలేది సగమే. మిగతాది జనమే తేల్చేసేవాళ్లు. వాళ్ల లెక్క ఒక్కటే. బండ లాగొచ్చిన ఎద్దు నాలిక వేలేసి రొప్పాలి, నోట నురగ కారాలి. అలా కాకుండా తాపీగా నిలబడి తోక ఊపుకుంటుంటే మందు పెట్టినట్టే.

అనుమానం వచ్చిన జతకు ఒక పద్ధతి ఉండేది. దాన్ని ఆ పూటకి కమిటీ దొడ్లో కట్టేస్తారు. ఆసామిని దగ్గరికి రానివ్వరు. మేతా నీళ్లూ అన్నీ కమిటీవే. తెల్లారి మళ్లీ బండ లాగాలి. ముందు రోజు లాగినంత లాగితే బహుమతి, లేకపోతే ఆసామి తలెత్తుకు తిరగలేడు. పద్ధతి మంచిదే, కాదనను, ఎడ్లకైతే.

పెనుగంచిప్రోలులో ఒక ఆసామి ఉండేవాడు. మిరప తోటలు, పత్తి చేలు, దొడ్డి నిండా పశువులు. నేనొచ్చిన ఏడు ఎండాకాలంలోనే ఆయన పందెపు జతకు మందు పెట్టారని పట్టుకున్నా. మెడ మీద వేలెడంత పొంగు, కళ్లు చింతనిప్పులు. పందేనికి పనికిరావని నలుగురి ముందూ చెప్పా. ఆయన గొడవ చెయ్యలేదు, కండువా దులుపుకుని ఎడ్లను తోలుకుపోయాడు. ఆ తర్వాత కూడా ఆవు ఈనలేక ఇబ్బంది పడుతుంటే కబురు పెట్టేవాడు, భోజనం పెట్టేవాడు, ఆ మాట మాత్రం ఇద్దరం ఎత్తేవాళ్లం కాదు.

ఆయన దగ్గర జీతానికి ఉన్న పాలేరే నా కేసు. ఇరవై దాటి రెండు మూడేళ్లు ఉంటాయేమో. పందెపు ఎడ్లకు దమ్ము రావాలని మునేటి ఇసకలో పరిగెత్తిస్తారు. పలుపు పట్టుకుని వాటితో పాటు పరిగెత్తడం ఇతని పని. ఒకరోజు పొద్దున్నే ఏటి ఒడ్డున చూశా. ఎడ్లు రెండూ నాలికలు వేలేసి వస్తున్నాయి. ఇతను వాటికేదో కబుర్లు చెబుతూ వస్తున్నాడు. ఆగి నాకు దణ్ణం పెట్టాడు. ఒంటి మీద చెమట ఉంది గానీ ఊపిరి ఎగబీల్చడం లేదు.

"ఆయాసం రాదటయ్యా నీకు?" అన్నా.

"నాకొస్తే ఎడ్లు ఆగిపోతాయి గదండీ" అన్నాడు నవ్వుతూ.

ఆ ఏడు నందిగామలో తాలూకా ఆటల పోటీలు, బండలాగుడు పందేలు కలిపి ఒకే గ్రౌండులో పెట్టారు. ఎడ్లను చూడ్డానికి నేనూ కాంపౌండరూ వెళ్లాం. ఆటల్లో అన్నిటికన్నా పెద్దది దూరం పరుగు. గ్రౌండులో బయల్దేరి, పెద్ద రోడ్డెక్కి, కీసర వంతెన తాకి తిరిగి రావాలి. గెలిచినవాణ్ణి హైదరాబాదులో శిక్షణకు పంపుతారు. అక్కడ నిలదొక్కుకుంటే పోలీసు ఉద్యోగం వస్తుందని అందరూ చెప్పుకునేవాళ్లు. మన పాలేరు కూడా పేరిచ్చాడు. ఎడ్లు పరువు తీశాయి, కనీసం మనిషన్నా నిలబెడతాడని ఆసామి ఆశ. ఇతని ఆశ వేరు. పొద్దున కనపడి, "ఉజ్జోగం వస్తే ఇంకొకరి దొడ్లో పేడెత్తక్కర్లేదు గదండీ" అన్నాడు నాతో. ఆసామి వింటున్నాడేమోనని అటూ ఇటూ చూసి మరీ అన్నాడు.

ఆ ఊరి డ్రిల్లు మాస్టారు ఒక కాలేజీ కుర్రాణ్ణి ఏడాది పాటు తయారుచేశాడు. మంచి మాస్టారే, అబద్ధమాడకూడదు. సొంత డబ్బుతో గుడ్లూ పాలూ పెట్టాడు, బూట్లు కొనిచ్చాడు. గెలుపు వాళ్లదేనని నందిగామంతా నమ్మకంగా ఉంది.

గెలిచింది పాలేరు. రెండోవాడు కనుచూపు మేరలో లేడు. గ్రౌండులోకి చెప్పుల్లేని కాళ్లతో, ఇంటి నుంచి కిళ్లీకొట్టు దాకా వచ్చినవాడిలా వచ్చాడు. గీత దాటి, కమిటీ వాళ్లకు దణ్ణం పెట్టి, ఆసామి వైపు తిరిగి, "ఎడ్లకు నీళ్లు పెట్టారాండీ?" అని అడిగాడు.

ఆ ఒక్క మాటతో కొంప మునిగింది. పాపం, అతని రోజువారీ ధ్యాస అది. జనానికి మాత్రం వెక్కిరించినట్టు అనిపించింది. చప్పట్లు కొట్టబోయిన చేతులు ఆగిపోయాయి. చాలాసేపటికి కాలేజీ కుర్రాడు వచ్చాడు. తూలుతూ వచ్చి గీత మీద బోర్లా పడి వాంతి చేసుకున్నాడు. గ్రౌండు మొత్తం లేచి నిలబడి ఈలలు, చప్పట్లు! మాస్టారు వాణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకుని ఏడ్చాడు. ఆ తర్వాత తలెత్తి పాలేరు వైపు చూశాడు. ఇతనేమో ఒక పక్కన నిలబడి జామకాయ తింటున్నాడు.

"ఇది మనిషి పరుగు కాదు, మందు పరుగు" అన్నాడు మాస్టారు.

"ఎడ్లకు పొడిచిన చెయ్యి మనిషికి పొడవదా?" అని గుంపులోంచి ఇంకెవరో అన్నారు. ఇక ఆగుతుందా? గ్రౌండంతా అదే మాట.

కమిటీ ప్రెసిడెంటు ఊళ్లో పెద్దమనిషి, బియ్యం మిల్లు ఆయనది. నన్ను షామియానా కిందికి పిలిపించాడు. "డాక్టరుగారూ, మీరే చూడాలి."

"నేను పశువుల డాక్టర్నండీ బాబూ. మనుషుల డాక్టర్ని పిలిపించుకోండి."

"ఆయన సెలవులో ఉన్నాడండీ. అయినా గుండెకాయ ఎవరికైనా గుండెకాయే కదండీ. ఎద్దుకు చూసేవాళ్లు మనిషికి చూడలేరా?"

"చూడండి డాక్టరుగారూ, తోక లేదు గానీ మిగతావన్నీ ఉన్నాయి" అని మా కాంపౌండరు నా చెవిలో ఊదాడు. కొట్టాలనిపించింది.

ఎంత మొత్తుకున్నా వినలేదు. చివరికి పాలేరే వచ్చి నా ముందు కూర్చుని చొక్కా విప్పాడు. సూది గుర్తుల కోసం చేతులు, తొడలు, మెడ వెతికా. మిరప తోటలో గీసుకున్న గీతలు తప్ప ఏమీ లేవు. కళ్లు నిర్మలంగా ఉన్నాయి. ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టా. ఏం చెప్పమంటారు! నిద్రపోతున్న మనిషి గుండెలా కొట్టుకుంటోంది, నింపాదిగా, బలంగా. ఎన్నో పశువుల గుండెలు విన్నా గానీ అంత అందమైన చప్పుడు అంతకు ముందు వినలేదు, తర్వాత వినలేదు. ముచ్చటేసింది. ఆ ముచ్చటలో నోరు జారా.

"ఏం గుండెండీ ఇది! అంత దూరం పరిగెత్తొచ్చి కూడా ఎంత నెమ్మదిగా కొట్టుకుంటోందో! ఇలాంటిది నేనెక్కడా చూడలేదు" అన్నా.

నేను మెచ్చుకున్నా. వాళ్లు నేరం రుజువైందనుకున్నారు. ప్రెసిడెంటు మైకు అందుకుని, "గుండె ఉండాల్సినట్టు లేదని డాక్టరుగారు చెబుతున్నారు" అన్నాడు. నేను కాదు కాదంటూ అడ్డం వెళ్లా. అది మైకులో పడలేదు. రొప్పని ఎద్దుకు మందు పెట్టినట్టేనన్న లెక్క వాళ్ల బుర్రల్లో ఎప్పటి నుంచో ఉంది, నా మాట సరిగ్గా అందులో వెళ్లి కూర్చుంది. దూరం పరుగులు పరిగెత్తేవాళ్లలో కొందరికి గుండె అలాగే ఉంటుందని తర్వాతెప్పుడో పుస్తకంలో చదివా. ఆ రోజు తెలిసినా లాభం ఉండేది కాదు, ఎవరు వింటారు?

ఆసామి కండువా నడుముకు బిగించి వచ్చాడు. "నేనే పాపం ఎరగను. వాడికి నేను పెట్టింది ఉలవచారూ అన్నం, అంతే!" అని అరిచాడు. ఆయన అరిచే కొద్దీ జనం నవ్వారు. మొన్న ఎడ్ల విషయంలో దొరికిపోయిన మనిషి మాట ఎవరు నమ్ముతారు మరి.

చివరికి ప్రెసిడెంటు తీర్పు చెప్పాడు. ఎడ్లకున్న పద్ధతే మనిషికీ. ఇవాళ్టికి కమిటీ వాళ్ల దగ్గర ఉండాలి, వాళ్లు పెట్టిందే తినాలి, ఆసామి దగ్గరికి రాకూడదు. రేపు పొద్దున ఒక్కడే మళ్లీ వంతెన దాకా పరిగెత్తి, కాలేజీ కుర్రాడికి పట్టిన టైము లోపల తిరిగి రావాలి. కమిటీ జీపు వెనకే వస్తుంది.

"నా మనిషిని దొడ్లో కట్టేస్తారటండీ?" అని ఆసామి మీదికొచ్చాడు. ఆయన మాటలో కోపం కంటే ఏడుపే ఎక్కువ వినపడింది నాకు.

"పరిగెడతానండీ" అన్నాడు పాలేరు, ఆయన్ని ఆపి.

ఎండలో అంత దూరం పరిగెత్తిన మనిషిని తెల్లారేసరికి మళ్లీ పరిగెత్తించడం అన్యాయమని నేను ప్రెసిడెంటుతో పోట్లాడా. "పరిగెత్తలేకపోతే నిజం అదే బయటపడుతుందిగా డాక్టరుగారూ" అన్నాడాయన.

వాళ్లు తీసుకుపోయే ముందు పాలేరు నా పక్కకొచ్చి నిలబడ్డాడు. "ఎట్టా పరిగెడితే నమ్ముతారండీ వీళ్లు?" అని మెల్లగా అడిగాడు.

నాకు అప్పటికే చిరాకు నెత్తికెక్కి ఉంది. "నీలాగే పరిగెత్తు. ఇంకెట్టా పరిగెడతావు?"

"నాలాగా పరిగెత్తబట్టేగా ఈ గోలంతా" అన్నాడు. అని, షామియానా మూల పడుకోబెట్టిన కాలేజీ కుర్రాడి వైపు చాలాసేపు చూశాడు. కుర్రాడికి ఇంకా ఎగశ్వాస తగ్గలేదు. మాస్టారు విసురుతున్నాడు, ఎవరో నిమ్మకాయ నీళ్లు పడుతున్నారు.

మర్నాడు ముందు రోజు కంటే ఎక్కువ జనం వచ్చారు. తప్పు చేసినవాడు దొరికిపోతే చూడాలని రాని మనిషి ఉండడు కదా. డ్రిల్లు మాస్టారు తనే పట్టుబట్టి జీపెక్కాడు. నేను గ్రౌండులోనే కూర్చున్నా. టీ తాగబుద్ధి కాలేదు. ఓడిపోతే ఇతని గతేంటి? మళ్లీ ఆ దొడ్డి, ఆ పలుపు, పైగా మందు తిన్నవాడన్న పేరు. జన్మలో ఎవరూ పేరు రాయించుకోరు.

జీపు హారను ముందు వినపడింది. తర్వాత మనిషి కనపడ్డాడు. అమ్మో, ఏం మనిషి! తల ఒక పక్కకు వాలిపోయింది, నోరు తెరిచి ఉంది, చేతులు ఎటు పడితే అటు ఊగుతున్నాయి. గ్రౌండు మలుపులో మోకాళ్ల మీద పడ్డాడు. జనం "లే! లే!" అని కేకలు పెట్టారు. లేచాడు. తూలుకుంటూ వచ్చి గీత మీద కుప్పకూలాడు. గ్రౌండు దద్దరిల్లిపోయింది. కండువాలు, టోపీలు గాల్లోకి లేచాయి. ముందు రోజు కంటే కాస్త ఆలస్యంగా వచ్చాడు గానీ, కాలేజీ కుర్రాడి కంటే ముందే వచ్చినట్టు లెక్క తేలింది.

డ్రిల్లు మాస్టారు జీపులోంచి దూకి అతని తల ఒళ్లో పెట్టుకున్నాడు. "వంతెన కాణ్ణించీ ప్రాణం పెట్టి పరిగెత్తాడండీ! కళ్లారా చూశా. తప్పు నాదే, క్షమించు నాయనా" అని అందరి ముందూ అన్నాడు. ఎంత మంచివాడో చూడండి. నిన్న మందు పరుగన్న నోటితోనే అన్నాడు.

"ఇదీ పరుగంటే!" అన్నాడు ప్రెసిడెంటు, కళ్లు తుడుచుకుంటూ. మైకు చేత్తో పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. "డాక్టరుగారూ, ఆ గుండె కూడా ఒకసారి చూసి చెప్పేయండి. నలుగురికీ వినపడేట్టు."

మోకాళ్ల మీద కూర్చుని స్టెతస్కోపు పెట్టా. ఛాతీ కొలిమి తిత్తిలా లేచి పడుతోంది. గొంతులోంచి మూలుగు. లోపల మాత్రం నిన్నటి గుండే. అదే నింపాది, అదే బలం. నేను తప్పు విన్నానేమోనని జరిపి మళ్లీ పెట్టా. అదే. అప్పుడు అతను నా వైపున్న కన్ను ఒక్కటే కొంచెం తెరిచి చూశాడు. ఆ చూపు చూశాక నాకు అంతా అర్థమైంది. నవ్వొచ్చింది, కోపమొచ్చింది. మందు లేకుండా పరిగెత్తాడని ఇప్పుడు నాకు ఖాయంగా తెలుసు. ఈ భూమ్మీద నాకొక్కడికే తెలుసు. ఆ సంగతి పైకి చెబితే మళ్లీ దొంగ అయిపోతాడు.

మైకు నా మూతి దగ్గరుంది.

"దడదడలాడుతోంది. మనిషి అలిసిపోయాడు, గాలి తగలనివ్వండి" అన్నా.

అంతే. భుజాల మీద ఎత్తుకుని గ్రౌండు చుట్టూ తిప్పారు. ఆసామి అందరికీ సోడాలు తాగించాడు. తిరుగు బస్సులో కాంపౌండరు, "ఎడ్లకు కూడా ఈ విద్య వస్తే మన పని గోవిందా" అన్నాడు. ఆయన కూడా పసిగట్టాడన్నమాట. మంచి పని చేశానని లోపల కొంచెం గర్వంగానే ఉంది నాకు.

పాలేరు హైదరాబాదు వెళ్లాడు, ఉద్యోగం వచ్చిందని విన్నా. నాకు బదిలీలు అయ్యాయి. ఎనభైల చివర్లో ఏదో పని మీద జగ్గయ్యపేట వచ్చి, బస్టాండులో నందిగామ బస్సు కోసం నిలబడి ఉంటే, ఖాకీ బట్టల్లో ఒక మనిషి వచ్చి దణ్ణం పెట్టాడు. ఒళ్లు చేశాడు, చిన్న బొజ్జ కూడా వచ్చింది. నవ్వితే గానీ గుర్తుపట్టలేదు. చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టుకున్నా.

"ఇంకా పరిగెడుతున్నావుటయ్యా?"

"ఎప్పుడో మానేశానండీ. ఉజ్జోగం వచ్చిన కొత్తల్లో రెండు మూడు పోటీలు, అంతే."

"అదేంటి? నీలాంటి గుండె ఉన్నవాడు మానేస్తే ఎట్టా?"

టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "ఒకటి అడుగుతానండీ, ఏమీ అనుకోకండి. నందిగామలో మొదటి రోజు నా గుండె నెమ్మదిగా ఉందన్నారు. రెండో రోజు దడదడలాడతందన్నారు. పరుగు అదే, దారి అదే. మధ్యలో మారింది కూడు ఒక్కటేనండీ. రెండో రోజు నేను అయ్యగారింటి కూడు తినలేదు."

ఎటు పోతున్నాడో నాకు అర్థం కాలేదు.

"రొప్పడం, పడిపోవడం నేను చేసిందేనండీ, మీరు కనిపెట్టారని కూడా తెలుసు. గానీ గుండెకాయను నేను ఆడించలేను గదా? అది దడదడలాడిందంటే నిజంగానే అలిసినట్టు. అంటే మొదటి రోజు నాకు తెలవకుండా అయ్యగారు కూట్లో ఏదో కలిపినట్టేగా. ఎడ్లకు పొడిచిన మనిషే గదండీ ఆయన. హైదరాబాదులో గీత మీద నిలబడ్డ ప్రతిసారీ ఇదే. కాళ్లు తేలిగ్గా పడ్డాయంటే చాలు, ఇయి నా కాళ్లు కాదేమో, ఎవురన్నా ఏదన్నా పెట్టారేమోనని భయమేసేది. మెస్సులో అన్నం తినాలన్నా అనుమానమే. ఇంక ఎందుకులెమ్మని వదిలేశానండీ."

దడదడలాడుతోందన్నది జనాన్ని నమ్మించడానికి నేనన్న మాట. జనం వారం తిరక్కుండా మర్చిపోయారు. నమ్మింది ఇతనొక్కడే.

"ఒరే నాయనా, రెండో రోజు కూడా నీ గుండె నెమ్మదిగానే ఉంది" అన్నా. గొంతు పెద్దదైపోయి పక్కనున్నవాళ్లు తిరిగి చూశారు. "మొదటి రోజు ఎట్టా ఉందో అచ్చం అట్టాగే ఉంది! నేను అబద్ధం చెప్పా. నిజం చెబితే నిన్ను మళ్లీ దొంగ అంటారని అబద్ధం చెప్పా. నీకెవరూ ఏ మందూ పెట్టలేదు. ఆ రెండు పరుగులూ నీవే."

అతను నా మొహంలోకి అలాగే చూశాడు. తర్వాత తల దించుకుని నవ్వాడు. "మీరు మంచోరండీ. ఆ రోజు నాకేది కావాలో అదే చెప్పారు. ఇయాళా అదే చెబుతున్నారు."

నందిగామ బస్సు వచ్చింది. నా చేతిలో సంచీ అందుకుని, జనాన్ని పక్కకు జరిపి, నన్ను ఎక్కించి కిటికీ పక్కన సీట్లో కూర్చోబెట్టాడు. బస్సు కదిలేదాకా నేను అదే మాట చెబుతూనే ఉన్నా. కిటికీ కింద నిలబడి, "అట్టాగేనండీ, అట్టాగేనండీ" అని తలూపుతూనే ఉన్నాడు.